ఆస్ట్రేలియా యాదివాసుల జేగురు

సంస్కృతమున గైరికమనియుఁ దెలుఁగున జేగురనియు వ్యవహరింపఁబడునది యినుప ఖనిజముతోఁ గూడిన యెఱ్ఱమన్ను. ఇది మనకుఁ జిరపరిచితమే. ఆస్ట్రేలియాఖండమునందలి యాదివాసులకు నిది బహుసహస్ర వర్షములుగా ముఖ్యద్రవ్యమై యున్నది. దీనిని గేవలము రంగుగా నెంచినవారు వారి చిత్రకళనే కాదు, వారి ధర్మమును గూడఁ దప్పుగా గ్రహించిరి. ఆ తప్పును జూపుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మొదట దీని ప్రాచీనతను విచారింతము. ఉత్తరమున మజెద్బెబె యను రాతిచఱియక్రింద నూఱిన జేగురు ముక్కలు దొరకినవి. 2017వ సంవత్సరమునఁ బ్రకటితమైన పరిశోధన మచటి జనవాసము 65,000 ఏండ్ల నాఁటిదని చెప్పినది. కొందఱు పండితులు దీని నంగీకరింపరు. ఆగ్నేయమున మంగో సరస్సుకడ 1974లో బయల్పడిన మృతుఁ డించుమించుగా 40,000 ఏండ్లక్రిందటివాఁడు. అతని కళేబరముపై జేగురుపొడి చల్లి పూడ్చిరి. కావున నెఱ్ఱమన్ను చిత్రములకేగాక యంత్యక్రియలకును వినియోగపడినదని స్పష్టము.

ఇఁక వర్ణములను సిద్ధపఱచు రీతి. ఎఱుపునకు జేగురు, పసుపునకుఁ బచ్చమన్ను, తెలుపునకుఁ దెల్లసుద్ద, నలుపునకు బొగ్గు. పచ్చమంటిని గాల్చినచో నందలి నీరు వీడి యెఱ్ఱనగును. ఈ మన్నులను ఱాతిపై నీటితో నూఱి, ఆర్కిడు మొక్కల రసమును జిగురుగాఁ గలిపెడివారు. ఆర్నెమ్ లాండులోని యోల్ఙు చిత్రకారులు యూకలిప్టసు పట్టను నిప్పుపైఁ గాఁచి చదునుచేసి, తలవెండ్రుకలతోఁ గట్టిన కుంచెతో సన్నని యడ్డగీఁతలు గీయుదురు. ఈ గీఁతల పొందిక గోత్రమునకొక తీరు. అధికారము లేనివాఁడు పరగోత్రపు గీఁతలను గీయరాదు.

మన్ను విషయమునను నిట్టి నియమమే కలదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్సు పర్వతములయందు బుకర్టూ యను జేగురుగని ప్రసిద్ధము. పూర్వము ఈమూ పక్షిని గుక్కలు తఱిమి చంపఁగాఁ జిందిన రక్తమే యచటి జేగురైనదని కథ. ఉత్తరదేశపు దియెరి జాతి పురుషులు వందలకొలఁది మైళ్లు నడచి వచ్చి, యా మెఱయు మంటిని మోసికొని పోయెడివారు. తెల్లవారు ఆ త్రోవలలో గొఱ్ఱెలమందలు నిలిపినపిదప, 1860 మొదలుకొని కలహములు పుట్టి ప్రాణనష్టము గలిగెను. దీనిని మాన్పఁదలఁచి ప్రభుత్వపక్షమువారు 1874లో దక్షిణతీరపు గౌర్నజాతి గనినుండి జేగురు త్రవ్వించి, ఉత్తరమునందలి క్రైస్తవ మతప్రచారకుల కడకుఁ బంపిరి. మన్ను కాళ్లకడకే వచ్చినచో నీ యాత్ర యేల యని వారి తలంపు. ఆ యుపాయము ఫలింపలేదు. వారికిఁ గావలసినది యెఱుపు గాదు, బుకర్టూ. అచటికిఁ బోయెడి నడకయు, దారిపొడవునఁ గల కథలును నందులోని భాగములే.

తొంబదేండ్ల పిమ్మట నీ సంగతియే వేఱొక రూపమునఁ బొడకట్టినది. ఆర్నెమ్ లాండులోని యిర్కలాకడ గోత్రభూమిని బాక్సైటు గనులకై ప్రభుత్వము వేఱుచేయఁగా, యోల్ఙులు 1963 ఆగష్టున రెండు విజ్ఞాపనపత్రములను బార్లమెంటునకుఁ బంపిరి. తమ భాషలోను నాంగ్లములోను టైపుచేసిన కాగితమును జెట్టుపట్టపై నంటించి, చుట్టును దమ గోత్రచిత్రములను మంటిరంగులతో వ్రాసిరి. ఒకటి ధువా శాఖవారిది, రెండవది యిరిట్జా శాఖవారిది. చూచువారి కది యలంకారము. వ్రాసినవారికి భూస్వామ్యమును జాటు ప్రమాణము. గనిపని యాగలేదు. 1971లో న్యాయమూర్తి వీరి కొక ధర్మవ్యవస్థ గలదని యొప్పుకొనియు, భూమిపై హక్కును మాత్రము నిరాకరించెను. పిదప 1976లో ఉత్తరప్రాంతపు భూహక్కులచట్టము వెలువడినది.

ఈ రెంటిని గలిపి చూచినచో నొక్కటి తేలును. జేగురును దాని తావునుండి విడఁదీయవచ్చునని 1874లో నధికారులు తలఁచిరి. తావునే జేగురుతోఁ జట్టసభకుఁ గొనిపోవచ్చునని 1963లో యోల్ఙులు తలఁచిరి. మొదటి తలంపు వ్యర్థమైనది; రెండవది కాలక్రమమున శాసనమునకు దారితీసిన కారణములలో నొకటి యైనది. కావున నిట్టి చిత్రముల సూచికలయందు ‘ప్రకృతివర్ణములు’ అని వ్రాసి యూరకుండుట చాలదు. ఏ గనిమన్ను, ఏ గోత్రపు గీఁత, ఎవ్వరి యనుమతి యను మూఁడును దెలిసినప్పుడే యా చిత్రమును జదివినట్లగును.