వోక్స్‌వ్యాగన్: ఒక పేరు, రెండు ముందస్తు చెల్లింపులు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- వోక్స్‌వ్యాగన్ సంస్థ పుట్టుకకు, 1930ల నాటి జర్మనీ రాజకీయాలకు ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- యుద్ధానంతరం ఆ సంస్థకు మంచి పేరు వచ్చిన కారణాలను గుర్తించగలుగుతారు.
- 2005లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన వోక్స్‌వ్యాగన్ వ్యవహారాన్ని ఆ చరిత్రతో పోల్చి చూడగలుగుతారు.
- ప్రతిష్ఠను ఒక చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

శాలిబండలో గాని, దాని చుట్టుపక్కల గాని పాత కారు కొనేవారి మాటలు వింటే ఒక వాక్యం తరచుగా చెవిన పడుతుంది: "జర్మన్ బండి, తలుపు వేసిన చప్పుడులోనే తెలిసిపోతుంది." ఆ మాట అన్నవారు జర్మనీ చూసి ఉండరు. అయినా ఆ నమ్మకం గట్టిది. అది బండి ధరలో కనిపిస్తుంది, బేరంలో పనిచేస్తుంది. అంటే ప్రతిష్ఠకు డబ్బు విలువ ఉంది. డబ్బు విలువ ఉన్న ప్రతిదానికీ చరిత్ర ఉంటుంది. ఆ చరిత్రను ఒక కారు పేరు ఆధారంగా తెలుసుకోవడమే ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

శాలిబండ నుంచి కొద్ది దూరంలోనే ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కుటుంబపు పాత మోటారు వాహనాలు ప్రదర్శనలో ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానిని తయారు చేయమని ఆదేశించాడు. కారు వచ్చేనాటికి ఆయన లేడు, 1911లోనే మరణించాడు. సింహాసనం వంటి ఆసనంతో ఒక పాలకుడి ఊరేగింపు కోసం చేసిన బండి అది. ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో మన నగరంలోనే కాదు, ఐరోపాలో చాలాచోట్ల కూడా కారు అంటే సంపన్నుల వస్తువు. జర్మన్ భాషలో 'వోక్స్‌వ్యాగన్' అంటే 'ప్రజల కారు'. సామాన్యుడికి కూడా కారు అందుతుందన్న వాగ్దానం ఆ పేరులోనే ఉంది. ఆ వాగ్దానం చేసినదెవరు, దానికి సొమ్ము కట్టినదెవరు, చివరికి కారు దక్కినది ఎవరికి అన్న మూడు ప్రశ్నలను పాఠం పొడవునా గుర్తుంచుకోండి.

2. వాగ్దానం: 1934-1939

చౌకగా, తేలికగా ఉండే ప్రజల కారు కావాలన్న ఆలోచన హిట్లర్‌ది కాదు. 'మోటార్ క్రిటిక్' పత్రిక సంపాదకుడైన జోసెఫ్ గాంజ్ అనే యూదు ఇంజనీరు 1920ల చివరి నుంచే దాని కోసం వాదించాడు. నాజీలు అధికారంలోకి వచ్చాక ఆయన అరెస్టయ్యాడు, 1934లో దేశం విడిచి వెళ్లాడు. అదే సంవత్సరం జూన్‌లో ప్రజల కారు నమూనా తయారీ ఒప్పందం ఫెర్డినాండ్ పోర్షేకు దక్కింది. ప్రకటించిన ధర 990 మార్కులు.

ఆ ధరకు కారు తయారు చేయడం లాభసాటి కాదని ప్రైవేటు కంపెనీలు వెనుకాడాయి. అప్పుడు ఆ పనిని జర్మన్ లేబర్ ఫ్రంట్ తీసుకుంది. 1933 మే నెలలో నాజీలు కార్మిక సంఘాలను రద్దు చేసి, వాటి ఆస్తులను స్వాధీనం చేసుకుని, వాటి స్థానంలో నెలకొల్పిన సంస్థ ఇది. కర్మాగారం పెట్టుబడిలో కొంత భాగం ఆ విధంగా లాక్కున్న ఆస్తుల నుంచే వచ్చింది. 1938 మే 26న ఫాలర్స్‌లేబెన్ దగ్గర హిట్లర్ శంకుస్థాపన చేశాడు.

అదే ఏడాది ఆగస్టులో పొదుపు పథకం మొదలైంది. పద్ధతి తేలికైనది. వారానికి 5 మార్కుల బిళ్ల కొని పుస్తకంలో అంటించాలి. పుస్తకాలు నిండితే కారు వస్తుంది. ఈ లెక్కన 990 మార్కులు పూర్తి కావడానికి 198 వారాలు, అంటే దాదాపు నాలుగేళ్లు పడుతుంది. బీమా, రవాణా ఖర్చులు అదనం. కట్టిన సొమ్ముకు వడ్డీ లేదు. మన చిట్టీల పద్ధతి తెలిసినవారికి ఇక్కడ ఒక తేడా వెంటనే కనిపిస్తుంది. చిట్టీలో పాట పాడుకున్న సభ్యుడికి నెల నెలా సొమ్ము చేతికి వస్తుంది. ఇక్కడ మొత్తం కట్టేవరకూ ఎవరికీ ఏమీ రాదు.

సుమారు 3,36,000 మంది ఈ పథకంలో చేరారు. దాదాపు 28 కోట్ల మార్కులు జమ అయ్యాయి. పథకం కింద ఒక్కరికి కూడా కారు అందలేదు.

3. యుద్ధకాలపు కర్మాగారం

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవడంతో కర్మాగారం సైనిక ఉత్పత్తికి మళ్లింది. ప్రజల కార్లు కొన్ని వందలు మాత్రమే తయారయ్యాయి. అవి అధికారులకు, పలుకుబడి ఉన్నవారికి చేరాయి. అదే రూపకల్పన ఆధారంగా చేసిన కూబెల్‌వ్యాగన్ అనే సైనిక వాహనాలు మాత్రం 50 వేల వరకు తయారయ్యాయి.

వాటిని తయారు చేసినదెవరు? యుద్ధకాలంలో సుమారు 20 వేల మంది అక్కడ బలవంతపు చాకిరీ చేశారని తరువాతి పరిశోధన తేల్చింది. పోలండ్, సోవియట్ యూనియన్‌ల నుంచి తెచ్చిన స్త్రీ పురుషులు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు వారిలో ఉన్నారు. శ్రామిక స్త్రీలకు పుట్టిన బిడ్డలను తల్లుల నుంచి వేరుచేసి ఒక శిశుగృహంలో ఉంచారు. అక్కడ సరైన సంరక్షణ లేక వందల మంది పసిబిడ్డలు చనిపోయారు. దానికి బాధ్యుడైన వైద్యుడికి యుద్ధానంతరం బ్రిటిష్ సైనిక న్యాయస్థానం మరణశిక్ష విధించింది.

ఈ చరిత్రను లోతుగా పరిశోధించే బాధ్యతను వోక్స్‌వ్యాగన్ 1986లో హాన్స్ మోమ్‌సెన్ అనే చరిత్రకారుడికి అప్పగించింది. ఆయన గ్రంథం 1996లో వెలువడింది. 1998లో సంస్థ బాధితుల కోసం ఒక సహాయ నిధిని ఏర్పాటు చేసింది. అప్పటికి యుద్ధం ముగిసి 53 ఏళ్లు గడిచాయి. ఆ మధ్యకాలంలోనే సంస్థకు లోకమంతా మంచి పేరు వచ్చిందన్న సంగతి గమనించండి.

4. పేరు నిలబడిన తీరు: 1945-1972

1945లో ఆ ప్రాంతం బ్రిటిష్ సైన్యం అధీనంలోకి వచ్చింది. ఊరికి వోల్ఫ్స్‌బర్గ్ అని కొత్త పేరు పెట్టారు. బాంబు దాడుల్లో దెబ్బతిన్న కర్మాగారాన్ని మేజర్ ఇవాన్ హర్స్ట్ అనే బ్రిటిష్ అధికారి మళ్లీ నడిపించాడు. బ్రిటిష్ సైన్యం తన అవసరాల కోసం 20 వేల కార్లకు ఆర్డరు ఇచ్చింది. బ్రిటిష్ కార్ల పరిశ్రమ ఈ కారును చిన్నచూపు చూసింది. 1948 జనవరిలో హైన్రిష్ నోర్డ్‌హోఫ్ సంస్థ బాధ్యత తీసుకున్నాడు. 1949లో బ్రిటిష్ వారు కర్మాగారాన్ని జర్మన్ ప్రభుత్వానికి అప్పగించారు.

నోర్డ్‌హోఫ్ కారు ఆకారాన్ని పెద్దగా మార్చలేదు, లోపలి లోపాలను ఒక్కొక్కటిగా సరిదిద్దాడు. ఏ దేశానికి కార్లు పంపినా, ముందుగా అక్కడ విడిభాగాలు, శిక్షణ పొందిన మెకానిక్కులు ఉండేలా చూశాడు. గాలితో చల్లబడే ఇంజను కాబట్టి రేడియేటర్ బాధ లేదు, చలిలో నీరు గడ్డకట్టే భయం లేదు. 1955 ఆగస్టులో పది లక్షలవ కారు వెలువడింది. 1959లో న్యూయార్క్‌లోని డాయిల్ డేన్ బెర్న్‌బాక్ సంస్థ, చిన్నగా ఆలోచించమని చెప్పే ప్రకటనలతో అమెరికన్లను ఆకట్టుకుంది. బీటిల్ అని లోకం పిలిచిన ఈ కారు 1972 ఫిబ్రవరి 17న ఫోర్డ్ మోడల్ టి ఉత్పత్తి రికార్డును దాటింది. 2003 జులైలో మెక్సికోలో చివరి బీటిల్ తయారయ్యేనాటికి మొత్తం 2.15 కోట్లకు పైగా కార్లు వచ్చాయి.

ఈ ప్రతిష్ఠ ఊరికే రాలేదు. కొన్నవాడు బండి నడిపి చూశాడు, మరమ్మతు చేయించి చూశాడు, పక్కవాడికి చెప్పాడు. అంటే ఇది పరీక్షకు నిలిచిన ప్రతిష్ఠ.

మరి బిళ్లలు అంటించిన పొదుపుదారుల సంగతేమిటి? వారి సొమ్ము బెర్లిన్ బ్యాంకులో ఉండగా సోవియట్ సేనల చేతికి చిక్కింది. తమకు కార్లు ఇవ్వాలని వారు సంఘంగా ఏర్పడి దావా వేశారు. మీ ఒప్పందం మాతో కాదు, లేబర్ ఫ్రంట్‌తో అని కొత్త యాజమాన్యం వాదించింది. 1961లో రాజీ కుదిరింది. కొత్త కారు కొంటే 600 మార్కుల వరకు తగ్గింపు, కారు వద్దంటే 100 మార్కుల వరకు నగదు. ఎవరి పేరు చూసి నమ్మాం, ఎవరితో ఒప్పందం చేసుకున్నాం అన్నవి రెండూ వేరువేరు ప్రశ్నలని ఆ కేసు చూపింది.

5. విశాఖపట్నానికి రాని కర్మాగారం

సరిగ్గా ఈ తేడాయే 2005లో మన రాష్ట్రంలో ముందుకు వచ్చింది. వోక్స్‌వ్యాగన్ భారతదేశంలో కార్ల కర్మాగారం పెట్టే ఆలోచనలో ఉండగా, దానిని విశాఖపట్నానికి రప్పించాలని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రయత్నించింది. ఆ ప్రయత్నంలో భాగంగా 'వశిష్ట వాహన్' అనే సంస్థకు సుమారు 11 కోట్ల రూపాయలు చెల్లించింది. ఆ సంస్థ వోక్స్‌వ్యాగన్‌కు సంబంధించినదేనని ప్రభుత్వం నమ్మింది. తమకు దానితో సంబంధం లేదని వోక్స్‌వ్యాగన్ తెలిపింది.

వోక్స్‌వ్యాగన్ గ్రూపులోని స్కోడాలో ఉన్నతాధికారిగా ఉండి, 2005లో పదవి కోల్పోయిన హెల్ముత్ షూస్టర్ పేరు ఈ వ్యవహారంలో ప్రముఖంగా వినిపించింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించారు. అదే కాలంలో వోల్ఫ్స్‌బర్గ్‌లో కూడా ఒక కుంభకోణం బయటపడింది. కార్మిక ప్రతినిధులకు సంస్థ సొమ్ముతో అక్రమ ప్రయోజనాలు కల్పించిన ఆ వ్యవహారంలో డైరెక్టర్ పీటర్ హార్ట్జ్ 2005 జులైలో రాజీనామా చేశాడు. 2007లో న్యాయస్థానం ఆయనకు శిక్ష విధించింది.

2006 నవంబరులో వోక్స్‌వ్యాగన్ మహారాష్ట్రను ఎంచుకుంది. పుణె సమీపంలోని చాకన్‌లో సుమారు 3,800 కోట్ల రూపాయల పెట్టుబడితో కట్టిన కర్మాగారం 2009 మార్చి 31న ప్రారంభమైంది. ఉత్తరాంధ్ర యువకులు ఎదురుచూసిన ఉద్యోగాలు అక్కడికి వెళ్లాయి.

1938, 2005 ఘటనలు ఒకటే అనడం సరికాదు. మొదటిదానిలో ఒక నియంతృత్వ రాజ్యం తన పౌరుల నుంచి సొమ్ము తీసుకుంది. రెండోదానిలో ఒక ప్రజాస్వామ్య ప్రభుత్వమే ప్రజల సొమ్మును చెల్లించింది. మొదటిదానిలో నిజం బయటకు రావడానికి యుద్ధం ముగియాల్సి వచ్చింది. రెండోదానిలో పత్రికలు, ప్రతిపక్షం కొద్దికాలంలోనే ప్రశ్నించాయి. ఇంత తేడా ఉన్నా పోలిక ఒకటి మిగులుతుంది. రెండు చోట్లా వస్తువు కంటే ముందు పేరు వచ్చింది, పేరు వెంట సొమ్ము వెళ్లింది, వస్తువు రాలేదు. శాలిబండకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని సచివాలయంలో ఆనాడు అడగవలసిన మొదటి ప్రశ్న, సొమ్ము తీసుకుంటున్న సంస్థకు వోక్స్‌వ్యాగన్ తరఫున సంతకం చేసే అధికారం ఎవరిచ్చారన్నదే. ఆ పేరు అంత పెద్దది కాకపోయి ఉంటే ఆ ప్రశ్న తప్పకుండా ముందే వచ్చేది.

6. పరీక్షలో దొరికిన అబద్ధం

2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వోక్స్‌వ్యాగన్‌కు నోటీసు ఇచ్చింది. పొగ పరీక్ష జరుగుతున్నట్లు గుర్తించి, ఆ కాసేపు మాత్రమే కాలుష్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను డీజిల్ కార్లలో పెట్టారన్నది అభియోగం. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల వరకు వెలువడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల వాహనాల్లో ఈ సాఫ్ట్‌వేర్ ఉందని సంస్థ అంగీకరించింది. దాని అధిపతి మార్టిన్ వింటర్‌కోర్న్ రాజీనామా చేశాడు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన చిన్న పరిశోధక బృందం కొలిచే పరికరాలను కారులోనే పెట్టుకుని రోడ్ల మీద నడిపి చూడటంతో ఈ గుట్టు బయటపడటం మొదలైంది.

భారతదేశంలో ఆ ఏడాది డిసెంబరులో సుమారు 3.23 లక్షల కార్లను సరిచేయడానికి వెనక్కి పిలుస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ 500 కోట్ల రూపాయల జరిమానా విధించింది. సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లగా, బలవంతపు చర్యలు తీసుకోవద్దని కోర్టు ఆదేశించింది.

నోర్డ్‌హోఫ్ కాలంలో పేరు పరీక్ష ద్వారా వచ్చింది. 2015 నాటికి పరీక్షనే మోసగించి పేరు కాపాడుకోవాలని చూశారు. అయినా ఆ సంస్థ కార్ల అమ్మకాలు ఆగిపోలేదు. తలుపు చప్పుడును మెచ్చుకునేవారు ఇప్పటికీ మెచ్చుకుంటున్నారు. వారి మాట అబద్ధం కాదు. తలుపు నిజంగానే గట్టిది కావచ్చు. అయితే తలుపు గట్టిదనం పొగ గురించి ఏమీ చెప్పదు, ఒప్పంద పత్రం గురించి అసలే చెప్పదు.

7. సారాంశం

ప్రతిష్ఠ ఒక చారిత్రక ఆధారమే, కాని అసంపూర్ణమైన ఆధారం. దానిని మూడు విధాలుగా పరిశీలించాలి. మొదటిది, ఆ పేరు ఏ విషయంలో సంపాదించుకున్నది, ఇప్పుడు ఏ విషయంలో వాడుతున్నారు. రెండోది, ఆ పేరు చెబుతున్నవారికి దాని మీద హక్కు ఉందా. మూడోది, ఆ పేరు కథలో ఎవరి శ్రమ, ఎవరి సొమ్ము కనిపించకుండా పోయాయి. ఫ్లాటుకు ముందుగా సొమ్ము కట్టేవారికి, ఉద్యోగం ఇప్పిస్తామన్న ఏజెంటుకు డిపాజిట్ ఇచ్చేవారికి, ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి కూడా ఈ పరిశీలన అవసరమే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 1938 నాటి పొదుపు పథకం స్వరూపాన్ని, ఫలితాన్ని వివరించండి.
2. యుద్ధానంతరం వోక్స్‌వ్యాగన్ ప్రతిష్ఠ పెరగడానికి దోహదం చేసిన అంశాలేవి?
3. 1938, 2005 ఘటనల మధ్య పోలికలను, భేదాలను చర్చించండి.

కృత్యం

మీ ప్రాంతంలోని మెకానిక్కు ఒకరితో, కారు యజమాని ఒకరితో మాట్లాడండి. ఒక కంపెనీ గురించి వారు చెప్పిన అభిప్రాయాలను రెండు వరుసలుగా రాయండి: స్వయంగా చూసి తెలుసుకున్నవి, ఇతరుల నుంచి విన్నవి. ఏ వరుస పొడవుగా ఉందో, దానికి కారణమేమిటో ఒక పేజీలో వివరించండి.