మిగులు సరుకు – మారుబేరము

జగ్గయ్యపేట వర్తకముకొరకు పుట్టిన ఊరు. పూర్వము బేతవోలు అను గ్రామముండిన చోట రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తమ తండ్రిగారి పేర పేటను కట్టించి, వర్తకులను రప్పించి నిలిపిరి. ఆయన పద్దెనిమిదవ శతాబ్ది చివరను, పందొమ్మిదవ శతాబ్ది మొదటను జమీందారీ ఏలిన ప్రభువు. ఇటు నందిగామ, కంచికచర్లల మీదుగా బెజవాడకును, అటు పాలేరు దాటి హైదరాబాదునకును పోవు బాటమీద ఈ పేట వెలసినది. నేలలు మెట్ట; ప్రత్తి, మిరప పంటలు. పంట చేతికందిన నెలలలో అంగళ్లు కిటకిటలాడును. తక్కిన నెలలలో అమ్ముడుపోని సరుకు అటకలమీద పేరుకొనును. ఆ మిగులు సరుకునుగూర్చియే ఈ ప్రసంగము.

దుకాణదారు వదిలించుకొనగోరిన సరుకును చౌకగా కొని, మరియొకచోట హెచ్చుధరకు విక్రయించుటకు మనవారు పెట్టిన పేరు మారుబేరము. ఇది నేటి విద్య కాదు. 1611లో బందరున వర్తకస్థానము నెలకొల్పిన ఇంగ్లీషు కంపెనీవారు నమూనాతో సరిపోల్చి నేతబట్టలను ఏరుకొని, నచ్చనివానిని తిరుగగొట్టెడివారు. అట్లు తిరిగివచ్చిన తానులు తగ్గుధరకు స్థానికపు అంగళ్లకు చేరెను. నేతగానికి నష్టము, మారుబేరగానికి అవకాశము. అయితే కంపెనీ ఎందులకు కాదన్నదో ఆ లోపము బట్టను వదలిపోవునా? అదియు కొత్తచేతికే వచ్చెను.

మన సీమలో మారుబేరమునకు తోడ్పడినది సరిహద్దు. పాలేటి ఆవల నిజాము రాజ్యము. అచ్చట కరోడ్‌గిరివారి సుంకము. నందిగామ సమీపమున పరిటాల పరిసరములు నిజాము ఏలుబడిలో నుండగా, నిజాము గ్రామముల నడుమ మునగాల పరగణా కృష్ణాజిల్లాకు చెంది యుండెడిది. ఆ పరగణా 1959లో గాని నల్లగొండ జిల్లాలో చేరలేదు. ఇటువంటి గళ్లబట్టవంటి పటములో ఒకచోట చౌకయైన వస్తువు నాలుగు క్రోసుల దూరమున ప్రియము. సుంకము కట్టి తీసికొనిపోయినచో లాభము సన్నగిల్లును. కట్టక పోయినచో సరుకే పోవును. లెక్కతెలిసిన వర్తకుడు సుంకమును ముందే ధరలో కలుపుకొని గాని బండి కట్టలేదు.

దూరపు కొనుగోలుదారుని ముఖము చూడకుండ అమ్ము పద్ధతిని మనకు నేర్పినది తపాలాశాఖ. 1877లో ప్రవేశపెట్టబడిన వి.పి.పి. వలన, పత్రికలో ప్రకటన చూచి ఉత్తరము వ్రాసినవారికి వస్తువు ఇంటికి వచ్చెడిది. పోస్టుమానుకు సొమ్ము చెల్లించినగాని చేతికందదు. గడియారములు, పుస్తకములు, ఔషధములు ఈ మార్గముననే పల్లెలకు చేరినవి. కాని అందుకొనవలసినవాడు వద్దనిన, కట్ట తిరుగుటపాలో వచ్చెడిది. రానుపోను ఖర్చు అమ్మినవానిదే. 2010లో ఫ్లిప్‌కార్ట్ సంస్థ ఇంటివద్ద సొమ్ము చెల్లించు పద్ధతిని చేపట్టినపుడు దానిని గొప్ప నూతనకల్పనగా చెప్పుకొనిరి. తపాలాశాఖలోని వృద్ధులు నవ్వుకొని యుందురు.

రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యపు మిగులు సరుకులను ప్రభుత్వము వేలము వేసినది. ఉన్నచోట, ఉన్నస్థితిలో కొనుక్కొమ్మనుటయే అందలి షరతు. లోపమున్న అడుగరాదు, వాపసు లేదు. నేడు పెద్దదుకాణములు మిగులు సరుకును మూటలుగా అమ్మునపుడు విధించు షరతును ఇదియే. కొన్నవానికి వాపసు లేదు. అతడు అంతర్జాలపు అంగడిలో అమ్మినపుడు మాత్రము కొనుగోలుదారు వాపసు చేయవచ్చును. ఈ వ్యాపారములోని అపాయమంతయు ఈ రెండు షరతుల నడుమనే యున్నదని మా అభిప్రాయము.

అంకెలలో చూతము. ఒక గృహిణి ఆషాఢపు తగ్గింపు అమ్మకములో 20 చొక్కాలను 200 రూపాయల చొప్పున కొన్నదనుకొందము. పెట్టుబడి 4,000. ఒక్కొక్కటి 400కు అన్నియు అమ్ముడుపోయినవి. సొమ్ము రెట్టింపైనదని ఇంటిల్లిపాది సంతోషింతురు. ఇంతలో నాలుగు తిరిగివచ్చినవి. నిలిచిన పదునారింటికి వచ్చినది 6,400. సంస్థ రుసుము, రవాణా కలిసి ఒక్కొక్కదానికి 110 చొప్పున 1,760 పోయినది. తిరిగివచ్చినవానికి రానుపోను 150 చొప్పున 600 పోయినది. మిగిలినది 4,040. పెట్టుబడి తీసివేయగా లాభము 40 రూపాయలు. తిరిగివచ్చినవానిలో రెండు మాసిన చొక్కాలు, రెండు మంచివి. కట్టలు కట్టిన కాగితమునకు, అప్పు తెచ్చియుండిన వడ్డీకి లెక్క ఇంకను కట్టలేదు. ఈ అంకెలు మా ఊహయే గాని, లెక్క నడచు తీరు ఊహ కాదు.

కొన్న వస్తువును ఇష్టము వచ్చినట్లు అమ్ముకొనుటకు హక్కు లేదా? ఉన్నది. అమెరికాలో ఒక నవలపై డాలరునకు తగ్గి అమ్మరాదని ప్రచురణకర్తలు ముద్రింపగా, మేసీ దుకాణమువారు 89 సెంట్లకు అమ్మిరి. అచ్చటి అత్యున్నత న్యాయస్థానము 1908లో మేసీవారి పక్షముననే తీర్పు చెప్పినది. మన దేశములో శాంసంగ్ ప్రింటర్లను విదేశములనుండి తెచ్చి అమ్మిన వర్తకుల విషయమున 2012లో దిల్లీ ఉన్నతన్యాయస్థానపు ధర్మాసనము అట్టి అమ్మకమును అనుమతించినది; కాని ఆ సరుకునకు కంపెనీ పూచీ లేదని కొనుగోలుదారునకు తెలుపవలెనన్నది. 1999నాటి ట్రేడుమార్కుల చట్టమును వస్తువు స్థితి మారినచో, చెడినచో ఆక్షేపించు హక్కును మార్కు యజమానికి ఉంచినది. పెట్టె చినిగిన, చీటీ ఊడిన సరుకును ‘కొత్తది’ అని అమ్మినవానికి చిక్కు ఇచ్చటనే వచ్చును.

న్యాయస్థానము వరకు పోనక్కరలేదు. 2000లో బాజీ అను పేర మొదలైన అంగడిని 2004లో ఈబే కొన్నది. 2013లో అమెజాన్ మన దేశపు అంగడి తెరచినది. 2015లో మీషో పుట్టి, చిన్నయూళ్ల గృహిణులను సైతము మారుబేరమునకు దించినది. అంగడి యజమాని నియమములు అంగడిలో చట్టముకంటె చురుకుగా పనిచేయును. పేరున్న కంపెనీ సరుకు అసలుదేనని నిరూపింపుమన్నపుడు, అధికృత సరఫరాదారుని ఇన్‌వాయిసు అడుగుదురు. చిల్లరదుకాణపు బిల్లు చాలదందురు. సరుకు అసలుదే, హక్కును ఉన్నది. అయినను ఖాతా మూతపడును, రావలసిన సొమ్ము నిలిచిపోవును. గరిష్ఠ చిల్లర ధర మించి అమ్మరాదను నిబంధన ఉండనే ఉన్నది. గడువు దగ్గరపడిన తినుబండారముల మాట చెప్పనేల, వానికి లైసెన్సు వేరు.

ఇక పన్ను. 2017 జూలై 1న జి.యస్.టి. వచ్చిన పిమ్మట ఇట్టి అంగళ్లలో సరుకు అమ్ము చిన్నవర్తకుడు కూడ నమోదు కావలసి వచ్చినది. 2023 అక్టోబరు 1నుండి పరిమితికి లోబడిన చిన్నవర్తకునకు సడలింపు ఇచ్చిరి. తన రాష్ట్రములోనే అమ్మవలెనను షరతు పెట్టిరి. పాలేటి ఆవలి గట్టు 2014 జూన్ 2నుండి వేరు రాష్ట్రము. కనుక జగ్గయ్యపేటనుండి ఒక చీరను ఈ విధముగా నందిగామకు పంపినవారికి నమోదు అక్కరలేదు. అదే చీరను దాపుననున్న కోదాడకు పంపదలచిన, ఒక్క చీరయైనను, ముందుగా నమోదు చేయించుకొనవలెను. గరికపాడువద్ద వంతెన దాటు కట్టమీద చిరునామా ఏ ఊరిదో కట్ట కట్టకమునుపే చూచుకొనవలసియున్నది.