మిస్సోరిని రెండుసార్లు ఓడించిన ఏడాది

కాన్సస్ రాష్ట్రంలో మా లారెన్స్ చిన్న ఊరు. గుట్టమీద యూనివర్సిటీ, గుట్టకింద ఇళ్లూ అంగళ్లూ. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ 1898లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాడు. 1939లో పోయేదాకా ఇదే అతని ఊరు, సమాధి కూడా ఇక్కడే. అందుకని ఏ మాట మొదలుపెట్టినా చివరికి ఈ ఆట దగ్గరికే వస్తుంది. కేయూ అంటే కాన్సస్ యూనివర్సిటీ అని ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు (కాకతీయ యూనివర్సిటీని కేయూ అనే వరంగల్ వాళ్లు మన్నించాలి).

యూనివర్సిటీ జట్టు ఆడే అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో పైకప్పు కింద వేలాడే జాతీయ చాంపియన్ బ్యానర్లలో మొదటి రెండూ 1922, 1923 సంవత్సరాలవి. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మన పిల్లలు వాటిని చూసి, అప్పుడు ఫైనల్ ఎవరితో ఆడారని అడుగుతుంటారు. ఎవరితోనూ ఆడలేదు. ఇప్పుడు అందరికీ తెలిసిన ఎన్‌సీఏఏ కాలేజీ టోర్నమెంటు 1939లో గానీ మొదలవలేదు. ఆ రెండు బిరుదులూ హెల్మ్స్ ఫౌండేషన్ అనే సంస్థ చాలా ఏళ్ల తర్వాత పాత రికార్డులు తిరగేసి ఇచ్చినవి. 1923కి ఆ గౌరవం వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీదేనని లెక్క తేల్చినవాళ్లూ ఉన్నారు. ఆ ఏడాది సైనికుల జట్టు ఆడిన 17 ఆటలూ గెలిచింది. మన కాన్సస్ వాళ్లు 17 గెలిచి ఒకటి ఓడారు. ఆ ఒక్కటీ కాలేజీ జట్టు చేతిలో కాదు, కాన్సస్ సిటీ అథ్లెటిక్ క్లబ్ చేతిలో. నన్నడిగితే ఆ బ్యానర్ మీద పెద్దగా వాదించను. ఆ సీజన్‌లో ఊరికి కావలసింది అది కాదు.

కావలసింది పక్క రాష్ట్రం మిస్సోరి యూనివర్సిటీ జట్టు మీద గెలుపు. బానిసత్వం వద్దన్నవాళ్లు 1854లో వచ్చి కట్టుకున్న ఊరిది. 1863 ఆగస్టు 21న మిస్సోరి వైపు నుంచి, బానిసత్వం పక్షాన పోరాడే క్వాంట్రిల్ ముఠా గుర్రాల మీద వచ్చి, ఊరు తగలబెట్టి, నూట యాభై మందికి పైగా మగవాళ్లను చంపిపోయింది. 1923 నాటికి అది అరవై ఏళ్ల కిందటి సంగతి, చూసినవాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు. పైగా అంతకుముందు సీజన్‌లో రెండు జట్లూ చెరొక ఆట గెలుచుకుని, మిస్సోరి వ్యాలీ కాన్ఫరెన్స్ అనే లీగ్‌లో మొదటి స్థానాన్ని పంచుకోవలసి వచ్చింది. పంచుకోవడం ఎవరికీ రుచించలేదు.

మన కోచ్ ఫారెస్ట్ అలెన్. నైస్మిత్ దగ్గర ఆడినవాడే. ఓడల పొగమంచు హారన్‌లాంటి గొంతు కాబట్టి ‘ఫాగ్’ అన్న పేరు స్థిరపడింది. అంత గొంతున్నా ఆట నడుస్తుండగా అతనికి పనిలేదు. టైమ్ అవుట్‌లో కూడా కోచ్ ఆటగాళ్లతో మాట్లాడకూడదన్నది ఆనాటి నియమం. ఏది చెప్పినా ముందే చెప్పాలి, ఆ తర్వాత బెంచి మీద కూర్చుని చేతులు నలుపుకోవాలి. బుట్టలో బంతి పడ్డ ప్రతిసారీ మళ్లీ మైదానం మధ్యకు తెచ్చి, ఇద్దరి నడుమ ఎగరేసేవారు. ఇన్ని క్షణాల్లో బంతి వేయాలన్న నిబంధన లేదు. అందుకే ఆ స్కోర్లు ఇవాళ చూస్తే కబడ్డీ స్కోర్లలా ఉంటాయి.

1923 జనవరిలో మిస్సోరి యూనివర్సిటీ ఉన్న కొలంబియా వెళ్లి మిస్సోరిని వాళ్ల గడ్డమీదే 21-19తో ఓడించారు. ఆట చివర్లో జరిగినదాన్ని అలెన్ జీవితాంతం చెప్పుకున్నాడు. రెండు పాయింట్ల ఆధిక్యం, బంతి కోసం మిస్సోరి కుర్రాళ్లు మీద పడుతున్నారు. లారెన్స్‌లోనే పుట్టి పెరిగిన గార్డు పాల్ ఎండకాట్ ఎవరి చేతిలో బంతి కనబడితే దాన్ని తనూ పట్టేసుకున్నాడు. బంతి ఇద్దరి చేతుల్లో చిక్కితే రిఫరీ జంప్ బాల్ ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిసారీ ఎండకాటే ఎగిరి అందుకున్నాడట, వరసగా పదహారు సార్లు. పదహారు అన్న లెక్క అలెన్‌ది. కథ చెప్పడంలో అతనికి మొహమాటం తక్కువ, కాబట్టి కొంత తగ్గించుకుని వినండి. సగానికి కోసినా తక్కువేం కాదు.

ఫిబ్రవరి 28న మిస్సోరి ఇక్కడికొచ్చింది. ఆట రాబిన్సన్ జిమ్నాజియంలో, అంటే ఇప్పుడు వెస్కో హాల్ ఉన్న చోట. 23-20తో మళ్లీ మనదే గెలుపు. కాన్ఫరెన్స్‌లో పదహారుకు పదహారు. మిస్సోరి తన పదహారింట్లో రెండే ఓడింది, ఆ రెండూ మన చేతిలోనే. ఈ వాక్యం చెప్పేటప్పుడు ఊళ్లో పాతవాళ్ల గొంతు ఇప్పటికీ కొంచెం పైకి లేస్తుంది.

ఆ జట్టువాళ్లు తర్వాత తలో దారీ పట్టారు. సివిల్ ఇంజినీరింగ్ చదివిన ఎండకాట్ ఫిలిప్స్ పెట్రోలియం కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. అలెన్‌కు సహాయ కోచ్‌గా ఉన్న జాన్ బన్ స్టాన్‌ఫోర్డ్‌లో కోచ్ అయ్యాడు. విచిత్రం మాత్రం హాల్‌స్టెడ్ నుంచి వచ్చిన అడాల్ఫ్ రప్‌ది. ఇక్కడ ఎక్కువగా బెంచి మీదే కూర్చున్న కుర్రాడు, కెంటకీలో 876 ఆటలు గెలిపించిన కోచ్ అయ్యాడు. 1950 డిసెంబరులో తన గురువు అలెన్ జట్టును 68-39తో చిత్తు చేశాడు కూడా. 1977 డిసెంబరు 10న కెంటకీ జట్టు అలెన్ ఫీల్డ్‌హౌస్‌కు వచ్చి ఆడింది. రప్ గౌరవార్థం పెట్టుకున్న రాత్రి అది. అదే రాత్రి అక్కడ లెక్సింగ్టన్‌లో రప్ చనిపోయాడు.

ఆనాటి జట్టులో లేనివాళ్ల మాట కూడా చెప్పాలి. బానిసత్వానికి ఎదురుతిరిగి పుట్టిన ఊరని ఇందాక గర్వంగా రాశాను. ఆ ఊరి యూనివర్సిటీలో నల్లజాతి కుర్రాళ్లు చదువుకోవచ్చు, బాస్కెట్‌బాల్ జట్టులో ఆడటానికి మాత్రం వీల్లేదు. 1950ల దాకా ఇదే తీరు. 1933లో వచ్చిన జాన్ మెక్లెండన్‌కూ అదే జరిగింది. జట్టులోకి రానివ్వకపోతే నైస్మిత్ దగ్గర ఆట పాఠాలు నేర్చుకుని, 1936లో వ్యాయామ విద్యలో డిగ్రీ తీసుకుని వెళ్లాడు. నల్లజాతివాళ్లలో ఇక్కడ ఆ డిగ్రీ పొందిన మొదటివాడు అతనే. ఆ పైన టెనెసీ స్టేట్ జట్టును 1957, 58, 59లలో వరసగా మూడుసార్లు ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల సంఘం) జాతీయ చాంపియన్‌గా నిలబెట్టాడు. అవి టోర్నమెంటు ఆడి గెలిచినవి.