చవకలో ఫారిన్ పిస్టల్ దొరుకుతుందా? – ఒక .32 తూటా చరిత్ర



మన గ్రూపులో ఈ మధ్య ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది. పిల్లలు విదేశాల్లో ఉండి, విల్లాల్లో ఇద్దరే ఉంటున్న పెద్దవాళ్ళకు దొంగల భయం. అమెరికా నుంచి తిరిగి వచ్చినవాళ్ళకు అక్కడి అలవాటు. "తక్కువ ధరలో మంచి ఫారిన్ పిస్టల్ ఏది? సెమీ ఆటోమేటిక్ అయితే బాగుంటుంది కదా?" అని అడుగుతున్నారు. నేను రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి, తుపాకుల నిపుణుణ్ణి కాను. కానీ రూల్సు పుస్తకాలు, పాత చరిత్ర చదవడం పాత అలవాటు. ఈ ప్రశ్నకు జవాబు బ్రాండ్ల పేర్లలో లేదు, చరిత్రలో ఉంది. కాస్త పొడుగు వ్యాసం, ఓపిగ్గా చదవండి.

ముందు చట్టం సంగతి. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలకు మనవాళ్ళ చేతిలో తుపాకీ అంటే దడ. 1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. అయితే ఈ నిబంధన యూరోపియన్లకు, యురేషియన్లకు లేదు. ఇది జరిగిన నాలుగేళ్ళకే, 1882లో, మైసూరు మహారాజా చామరాజేంద్ర ఒడయార్ ఇచ్చిన భూముల్లో డి.ఎస్. వైట్ అనే ఆయన యురేషియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కోసం ఒక ఊరు కట్టించాడు. అదే మన వైట్‌ఫీల్డ్. బ్రిటిష్ ఇండియా చట్టం ప్రకారం ఆ కుటుంబాలకు లైసెన్సు అక్కర్లేదు. పక్కనున్న రైతుకు కావాలి. వస్తువు ఒకటే, మనిషిని బట్టి రూలు.

1896లో 21 ఏళ్ళ కుర్ర అధికారి ఒకడు బెంగళూరు కంటోన్మెంటుకు వచ్చాడు. పేరు విన్‌స్టన్ చర్చిల్. బెంగళూరు క్లబ్బుకు ఆయన 13 రూపాయలు బాకీ పడ్డాడనీ, దాన్ని 1899లో రాని బాకీల కింద కొట్టేశారనీ మీలో చాలామందికి తెలుసు. తెలియని సంగతి ఇంకోటి ఉంది. బొంబాయి రేవులో దిగేటప్పుడు ఆయన భుజం కీలు తప్పింది. ఆ తర్వాత కత్తి తిప్పడం కష్టమైంది. అందుకని 1898లో సూడాన్ యుద్ధానికి వెళ్ళేటప్పుడు జర్మనీలో తయారైన కొత్తరకం మౌజర్ సి96 పిస్టల్ కొనుక్కున్నాడు. అది 10 తూటాల సెమీ ఆటోమేటిక్. ఆ సెప్టెంబరు 2న ఓమ్‌దుర్మాన్ దగ్గర గుర్రం మీద దాడి చేసినప్పుడు ఆయన చేతిలో ఉన్నది అదే. ఒక విదేశీ పిస్టల్ ఎంచుకోవడానికి ఆయన చూసుకున్నది తన భుజమూ, తన జేబూ. సర్కారు అనుమతి మాటే రాలేదు.

సెమీ ఆటోమేటిక్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెబుతాను. రివాల్వర్‌లో తూటాలు ఒక గుండ్రటి డబ్బాలో ఉంటాయి, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా అది తిరుగుతుంది. సెమీ ఆటోమేటిక్‌లో తూటాలు పిడిలోని మ్యాగజైన్‌లోనో, మౌజర్‌లో లాగా ట్రిగ్గర్ ముందో వరసగా ఉంటాయి. ఒక తూటా పేలిన ఊపుకే ఖాళీ గొట్టం బయటికి పడి, తర్వాతి తూటా లోపలికి వస్తుంది. అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగ్ దీన్ని జేబులో పట్టేంత చిన్నదిగా చేశాడు. దానికోసం 1899 ప్రాంతంలో తయారైనదే .32 తూటా, అంటే 7.65 మిల్లీమీటర్లది. బెల్జియంలోని ఎఫ్.ఎన్. కంపెనీ ఆ పిస్టళ్ళను లక్షల్లో తయారు చేసి అమ్మింది. యూరప్‌లో మామూలు మనిషి కూడా కొనగలిగిన మొదటి సెమీ ఆటోమేటిక్ ఇదేనంటే తప్పు కాదు.

యూరప్‌లో అలా అంగట్లో దొరికే వస్తువు మన దేశానికి దొంగదారిలో రావలసి వచ్చింది. 1909లో లండన్‌లో ఉన్న సావర్కర్ 20 బ్రౌనింగ్ పిస్టళ్ళను పెట్టె అడుగున దాచి చతుర్భుజ్ అమీన్ ద్వారా పంపించాడు. అందులో ఒకదానితోనే ఆ డిసెంబరులో నాసిక్ కలెక్టర్ జాక్సన్‌ను కాల్చారు.

తమిళంలో చదువుకున్న నాలాంటివాళ్ళకు వాంజినాథన్ పేరు చిన్నప్పటినుంచీ తెలుసు. తిరువాంకూరు అటవీ శాఖలో చిన్న ఉద్యోగి. 1911 జూన్ 17న మణియాచ్చి జంక్షన్‌లో ఆగి ఉన్న రైల్లో, ఫస్ట్ క్లాస్ పెట్టెలో భార్యతో కూర్చున్న తిరునెల్వేలి కలెక్టర్ యాష్‌ను కాల్చి, ప్లాట్‌ఫారం మీది మరుగుదొడ్డిలోకి వెళ్ళి తనను తాను కాల్చుకున్నాడు. చేతిలో ఉన్నది బెల్జియం బ్రౌనింగ్. అతనికి గురి నేర్పింది పాండిచ్చేరిలో ఉన్న వ.వె.సు. అయ్యర్. అది ఫ్రెంచివాళ్ళ ఊరు, అక్కడ ఇంగ్లీషువాడి చట్టం చెల్లదు. ఇప్పుడు ఆ స్టేషన్ పేరు వాంచి మణియాచ్చి. రైల్వే వాళ్ళం కాబట్టి ఇంకో స్టేషన్ సంగతి కూడా చెబుతాను. దానికి రెండేళ్ళ ముందు, 1909 అక్టోబరు 26న, చైనాలోని హర్బిన్ స్టేషన్‌లో కొరియా దేశభక్తుడు అన్ జుంగ్ గున్ జపాన్ నాయకుడు ఇటోను కాల్చింది కూడా ఎఫ్.ఎన్. బ్రౌనింగ్ తోనే.

1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీ సరుకులోంచి 50 మౌజర్ పిస్టళ్ళు, 46 వేల తూటాలు విప్లవకారులు మాయం చేశారు. 1931లో అలహాబాద్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చివరిదాకా పట్టుకున్నది అమెరికాలో చేసిన కోల్ట్ పిస్టల్. అందులోదీ .32 తూటాయే.

మన తెలుగు నేల మాటేమిటి? అల్లూరి సీతారామరాజుకు పిస్టళ్ళు పంపేవాళ్ళు లండన్‌లో లేరు. మన్యం మనుషుల దగ్గర విల్లంబులు ఉన్నాయి. అందుకే 1922 ఆగస్టు 22 నుంచి వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. దొరికినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. ఆ తుపాకులతోనే రెండేళ్ళు సర్కారును నిలబెట్టేశాడు. జాతిని బట్టి ఇచ్చే మినహాయింపు 1920 నాటి నిబంధనలతో పోయింది. కానీ కాగితం మీద మారినంత మాత్రాన గిరిజనుడికి లైసెన్సు ఎవరిచ్చారు?

కథకు ఇంకో వైపు ఉంది, అదీ చెప్పాలి. 1948 జనవరి 30న గాంధీగారి మీద పేలింది ఇటలీలో చేసిన బెరెట్టా సెమీ ఆటోమేటిక్. గ్వాలియర్‌లో సంపాదించినది. చేతికి అందిన యంత్రానికి మంచీ చెడూ తెలియదు.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసుకున్నాం. జాతి భేదం లేదు, లైసెన్సు మాత్రం అలాగే ఉంది. సైన్యం, పోలీసులు వాడే 9 మిల్లీమీటర్ల వంటి తూటాలు నిషిద్ధ జాబితాలోకి వెళ్ళాయి. పౌరుడి పిస్టల్‌కు ముఖ్యంగా మిగిలింది బ్రౌనింగ్ నాటి .32. తర్వాత 1980ల మధ్యలో మామూలు పౌరులు విదేశీ ఆయుధాలు దిగుమతి చేసుకోవడం ఆపేశారు. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు, షరతుల మీద విదేశాల నుంచి తిరిగి వచ్చేవాళ్ళకు మాత్రమే సందు ఉంది. కొత్త సరుకు రాదు కాబట్టి, అంతకుముందు వచ్చిన వాల్తర్లు, వెబ్లీలు, కోల్టులే చేతులు మారుతున్నాయి. లోపలి స్ప్రింగులు మన వయసువి, ధర మాత్రం లక్షల్లో. సర్కారు ఫ్యాక్టరీలో చేసిన 'నిర్భీక్' అనే చిన్న .32 రివాల్వర్ కూడా 2014లో వచ్చినప్పుడు సుమారు 1 లక్షా 22 వేలు పలికింది.

కాబట్టి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. మన దేశంలో విదేశీ పిస్టల్ ధరను యంత్రం ఎప్పుడూ నిర్ణయించలేదు. ఎవరికి అనుమతి ఉంది అన్నదే నిర్ణయించింది, 1878లోనూ, ఇప్పుడూ. అందుకే "చవకగా ఫారిన్ పిస్టల్ ఇప్పిస్తాను" అని ఎవరైనా ఫోన్‌లో అంటే, అతను మీకు అమ్ముతున్నది జైలు. 2019 సవరణ తర్వాత నిషిద్ధ ఆయుధం దగ్గర ఉంచుకుంటే 7 నుంచి 14 ఏళ్ళ శిక్ష.

మన సభ్యులకు పనికొచ్చే నాలుగు ముక్కలు:

1. అమెరికాలో మీరు వాడిన 9 మిల్లీమీటర్ల గ్లాక్ ఇక్కడ నిషిద్ధం. సామాన్లతో పంపించే ఆలోచన వద్దు.

2. బెంగళూరులో లైసెన్సు ఇచ్చేది పోలీసు కమిషనర్. కారణం చూపించాలి, పోలీసు విచారణ ఉంటుంది, 2016 నిబంధనల ప్రకారం శిక్షణ సర్టిఫికెట్ కావాలి.

3. ఒక మనిషికి ఇప్పుడు రెండు ఆయుధాలే, ఇదివరకు మూడు.

4. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఊళ్ళో నాన్నగారో తాతగారో పోయాక బీరువాలో వాళ్ళ తుపాకీ అలాగే ఉండిపోయిన ఇళ్ళు మన సీమలోనూ, కోస్తాలోనూ ఉన్నాయి. లైసెన్సుదారు పోయిన తర్వాత దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరమే. ఆలస్యం లేకుండా పోలీసు స్టేషన్‌లోగానీ లైసెన్సున్న డీలర్ దగ్గరగానీ అప్పగించి రసీదు తీసుకోండి. వారసుడిగా లైసెన్సుకు తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు.

దొంగల భయం నిజమే, కాదనను. దానికి గేటు దగ్గర లైటు, రాత్రి కాపలా, పక్కింటివాళ్ళ ఫోన్ నంబరు, 112 – వీటి గురించి వచ్చే మీటింగులో మాట్లాడుకుందాం. ఇంట్లో పాత లైసెన్సు కాగితాలు ఉన్నవాళ్ళు పట్టుకురండి, కలిసి చదువుదాం. ఈ వ్యాసంలో ఏదైనా సందేహం ఉంటే కింద రాయండి, జవాబిస్తాను.

సెలవు.