ఘోషాసుపత్రిలో పేరు లేనివాళ్లు

చెన్నపట్నం చేపాక్‌లో ఉన్న ఆ ఆసుపత్రికి బోర్డు మీద కస్తూర్బా గాంధీ పేరుంది. జనం నోట మాత్రం ఇప్పటికీ ఘోషాసుపత్రే. విశాఖలో, విజయనగరంలో కూడా ఆ పేరున్న ఆసుపత్రులున్నాయి. గోషా పారశీకపు మాట, మూల అని అర్థం. పరదా చాటున మూల కూర్చునే స్త్రీల కోసం కట్టింది కాబట్టి ఆ పేరు. తెలుగువాడి నోట ఒత్తు పడి ఘోషా అయింది. మనకు ఘోష అంటే ఏమిటో వేరే చెప్పాలా!

1885లో దీన్ని మొదలుపెట్టింది డాక్టర్ మేరీ షార్లీబ్. పదేళ్ల ముందు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన తొలి నలుగురు స్త్రీలలో ఆవిడ ఒకరు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడం కంటే ప్రాణం పోవడమే మేలనుకునే ఇళ్లను ఆవిడ కళ్లారా చూశారు. నుంగంబాకంలో మొదలైన ఆసుపత్రి 1890లో ఇప్పటి చోటికి వచ్చింది. భవనానికి లక్ష రూపాయలిచ్చింది మన వెంకటగిరి రాజా. అయితే విక్టోరియా రాణి పేరుతో పాటు ‘కులస్త్రీలు, గోషా స్త్రీల ఆసుపత్రి’ అని కూడా పెట్టారు. కూలికెళ్లే ఆడదానికి గోషా ఎక్కడిది? ఆమెను ఆ పేరే గుమ్మం దగ్గర ఆపేసింది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పరిస్థితి కాస్త కదిలింది. 1919 సంస్కరణలతో ప్రజారోగ్యం మన మంత్రుల చేతికొచ్చింది, ఖర్చు బరువు మునిసిపాలిటీల మీద, స్థానిక బోర్డుల మీద పడింది. శిశు సంక్షేమ కేంద్రాలు వెలిశాయి. 1924లో దేశమంతా శిశు వారోత్సవం జరిపారు. మద్రాసు రాష్ట్రంలో నర్సులు, మిడ్‌వైఫ్‌లు పేరు నమోదు చేసుకోవాలన్న చట్టం 1926లో వచ్చింది. శిక్షణ పొందిన నర్సమ్మ మరిగించిన కత్తెర, లైసాల్ సీసా పెట్టుకుని ఇంటింటికీ నడిచింది.

ఆ రోజుల్లో నెపమంతా మంత్రసాని మీద వేశారు. బొడ్డు కోసే కొడవలి, ఆ పుండు మీద అద్దే బూడిద, పేడ, వాటితో వచ్చే ధనుర్వాతం నిజమే. కానీ పురిటి మైలని ఇంట్లోవాళ్లే దూరంగా నిలబడితే, చేటెడు బియ్యానికీ పాత చీరకీ ఆ గదిలోకి వెళ్లింది ఆమె ఒక్కతే. పైగా శుభ్రమైన కత్తెర అన్ని చావులనూ ఆపలేదు. మిగతా కారణం పళ్లెంలో ఉంది.

ఆ సంగతి బయటపడడంలో ఘోషాసుపత్రికి భాగముంది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు ఒక తీవ్రమైన రక్తహీనత వస్తోందని, కారణం తేల్చమని డాక్టర్ మార్గరెట్ బాల్ఫోర్ లండన్ నుంచి లూసీ విల్స్‌ను పిలిపించారు. ఆవిడ 1928లో వచ్చారు. ఆ రోగుల నెత్తుట్లో ఎర్రకణాలు మామూలుకంటే పెద్దవి. క్రిముల వల్లనేమో అని వెతికారు, కాదని తేలింది. నాసి తిండి తినే ఇళ్లలోనే జబ్బు ఎక్కువ. బీరు తయారీలో మిగిలే ఈస్టుతో చేసే మార్మైట్ అనే చౌక నల్లటి ముద్ద తినిపిస్తే రక్తం పట్టింది. 1931లో ఆ ఫలితం అచ్చయింది. అదే ఏడాది ఆవిడ పరిశోధన చేపాక్‌లో మన ఘోషాసుపత్రికి చేరింది.

మార్మైట్‌లో ఉన్న ఆ పదార్థం ఏమిటో అప్పటికి తేలలేదు. తర్వాత దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరొచ్చింది. ప్రయోగశాలలో దాన్ని తయారు చేసింది 1945లో, అమెరికాలోని లెడర్లే కంపెనీలో. ఆ పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బులోనూ ఇలాంటి రక్తహీనతే వస్తుంది. ఇవాళ ఊళ్లో ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది.

ఇంత జరిగినా, 1937లో బ్రిటిష్ ఇండియాలో వెయ్యిమంది పిల్లలు పుడితే 162 మంది ఏడాది నిండకుండానే పోయారు. అదే ఏడు ఇంగ్లండులో 58 మంది. రెండేళ్లకు మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చి తల్లీబిడ్డల సంరక్షణను స్థానిక సంస్థల బాధ్యతల్లో చేర్చింది. ఆ వెంటనే రెండో యుద్ధం మొదలైంది.

ఇలాంటి సంచికల్లో దాతల ఫొటోలు, డాక్టర్ల పేర్లు తప్పకుండా వేస్తాం. పరీక్షకు నెత్తురిచ్చిన గర్భిణుల పేర్లు వేయలేం. ఎండలో ఇల్లిల్లూ తిరిగిన నర్సమ్మల పేర్లయినా వేయగలమేమో. మీ అమ్మమ్మో నాయనమ్మో ఆ రోజుల్లో మిడ్‌వైఫ్‌గా పనిచేసి ఉంటే, ఆమె సర్టిఫికెట్టో, పురుళ్లు రాసుకున్న పుస్తకమో అటక మీద ఉందేమో ఒకసారి చూడండి. పాత కాగితాలవాడికి వేసేముందు ఈ సంచిక సంపాదకులకు ఒక్క ఉత్తరం రాయండి.