మూతపడిన బాయిలో పచ్చని వెలుగు

వేల్స్‌లో డెరి అనే చిన్న ఊరి పక్కన ఒక పార్కు ఉంది. చెరువు, పచ్చిక, పిల్లల కేరింతలు. అక్కడ ఒకప్పుడు ఓగిల్వీ బొగ్గుబాయి నడిచేదని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. సింగరేణి బొగ్గు గనులు పుట్టిన ఇల్లందులో గని సైరన్ వింటూ పెరిగిన నేను ఆ బాయిని మొదట చూసింది టీవీలోనే.

బీబీసీ వారి సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’లో 1973 మే, జూన్ నెలల్లో ‘ద గ్రీన్ డెత్’ అనే కథ ఆరు భాగాలుగా వచ్చింది. దానికి ఈ బాయి దగ్గరే షూటింగ్ చేశారు. అప్పటికింకా ఓగిల్వీ నడుస్తోంది. 1975లో మూశారు. కథలో మాత్రం బాయి అప్పటికే మూతపడి ఉంటుంది. ఓ పెట్రోలు కంపెనీ ఊళ్లో దిగి, తన విషపు చెత్తనంతా పాడుబడ్డ గనిలోకి వదులుతుంది. దిగిన కార్మికుడు ఒళ్లంతా ఆకుపచ్చగా మెరుస్తూ శవమై పైకొస్తాడు. లోపల మూరల పొడవు పురుగులు పెరుగుతుంటాయి.

లోపాలు దాచను. బొమ్మ మీద బొమ్మ అతికించినచోట అంచులు వణుకుతుంటాయి. చివర్లో వచ్చే పెద్ద ఈగను చూస్తే చిన్నపిల్లలు కూడా భయపడరు. నన్ను ఎక్కువ నొప్పించింది ఈగ కాదు, వేల్స్ మనుషుల యాసను మూసపోసిన తీరు. మన సినిమాల్లో తెలంగాణ మాటకు ఏళ్లతరబడి పట్టిన గతే అది.

అయినా ఆ కథ నాకు ప్రాణం. మొదటి భాగంలో కంపెనీకి ప్రభుత్వ అనుమతి వచ్చిందనగానే బాయి పనివాళ్లు సంబరపడతారు. వద్దని మొత్తుకునే శాస్త్రవేత్త మీద విరుచుకుపడతారు: నీకేం, నీ బతుకు నీకుంది, మాకు పని కావాలి. కోపమంతా కంపెనీ మీదికి మళ్లించడం రచయిత రాబర్ట్ స్లోమన్‌కు తేలికే. కానీ ఆకలినీ మాట్లాడనిచ్చాడు.

ఆ మాట బరువు తెలియాలంటే ఓగిల్వీ ఉన్న ఈ దక్షిణ వేల్స్ లోయల చరిత్ర కొంత చెప్పాలి. 1913లో దక్షిణ వేల్స్ గనుల్లో రెండు లక్షల మందికి పైగా పనిచేసేవారు. అదే ఏడు అక్టోబరులో సెంగెనిడ్ బాయిలో పేలుడు 439 మంది కార్మికులను మింగింది. 1947లో గనులు ప్రభుత్వం చేతికొచ్చాయి. అరవైల్లో ఒక్కొక్కటే మూతపడుతూ పోయాయి. 1966 అక్టోబర్ 21 ఉదయం ఆబర్‌వాన్‌లో, కొండమీద పోసిన గని మట్టి జారి బడిని కప్పేసింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు పోయారు. ఆ గుట్టతో ప్రమాదమని ముందే చెప్పినా గనుల బోర్డు చెవినపెట్టలేదు. ఏడేళ్లు నిండకుండానే, బాయి చెత్తతో ముప్పేమీ లేదని టీవీలో ఈ కథలోని ఒక పెద్దమనిషి అంటుంటే ఈ లోయల ఇళ్లలో ఎలా విని ఉంటారో! మనకు భోపాల్ గ్యాస్ విషాదం ఈ కథ వచ్చిన పదకొండేళ్లకు.

ఇక్కడ వేల్స్‌లో మా పక్కింటి పెద్దాయన రిటైరైన గని కార్మికుడు. ఓ ఆదివారం ఆయనతో కలిసి ఈ కథ చూశాను. పురుగులను పట్టించుకోలేదు. బాయి మీది పెద్ద చక్రం తెరమీదికి రాగానే లేచి టీవీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కథ అయ్యాక, మీ ఊళ్లో చక్రం తిరుగుతోందా అని అడిగాడు. ఇప్పుడంతా ఓపెన్‌కాస్టేనని చెప్పాను. అంటే ఏమిటో ఆయనకు వివరించనక్కర్లేకపోయింది.