డ్రైవింగ్ లైసెన్సుల తరగతులు, కొత్త చోదకులకు పెనాల్టీ పాయింట్ల నిబంధనలు

తెలంగాణ రాష్ట్రంలో వాహన చోదకుల ఉల్లంఘనలకు పెనాల్టీ పాయింట్లు విధించే విధానం 2017 ఆగస్టు 1వ తేదీ నుంచి అమలులోకి వచ్చింది. 24 నెలల వ్యవధిలో 12 పాయింట్లు చేరిన చోదకుని లైసెన్సును ఏడాదిపాటు సస్పెండ్ చేయాలని ఆ నిబంధనలు నిర్దేశించాయి. లెర్నర్ లైసెన్సుదారులకు మాత్రం హద్దును 5 పాయింట్లుగానే నిర్ణయించారు. అంతకు చేరితే వారి లైసెన్సు సస్పెన్షన్‌తో ఆగక రద్దవుతుంది.

లైసెన్సుల తరగతులను 1988 నాటి కేంద్ర మోటారు వాహనాల చట్టం నిర్ణయించింది. గేరు లేని మోటారు సైకిలు, గేరు గల మోటారు సైకిలు, తేలికపాటి మోటారు వాహనం, రవాణా వాహనం ప్రధాన తరగతులు. రోడ్డు రోలరు వంటి వాటికి వేరే తరగతులు ఉన్నాయి. 50 సీసీ మించని గేరు లేని ద్విచక్ర వాహనానికి 16 ఏళ్లు, ఇతర వాహనాలకు 18 ఏళ్లు, రవాణా వాహనాలకు 20 ఏళ్లు కనీస వయస్సు. రవాణా వాహన చోదకులు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణులై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తొలగించింది.

మొత్తం బరువు 7,500 కిలోలు మించని వాహనం తేలికపాటి వాహనమవుతుంది. ఈ లైసెన్సుతో అదే బరువు గల రవాణా వాహనాన్ని నడపవచ్చునా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి న్యాయస్థానాలలో నలిగింది. చోదకునికి తగిన లైసెన్సు లేదంటూ బీమా సంస్థలు పరిహారానికి అభ్యంతరం చెప్పడంతో ప్రమాద బాధితుల కుటుంబాలే ఎక్కువగా ఇబ్బంది పడ్డాయి. నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పగా, అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న దానినే ధ్రువీకరించింది. మధ్యతరహా, భారీ వాహనాలకు మాత్రం రవాణా అర్హత తప్పనిసరి.

వాడుకలో ఎల్‌ఎల్‌ఆర్‌గా పిలిచే లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది పొందిన 30 రోజుల తరువాతనే శాశ్వత లైసెన్సు పరీక్షకు హాజరు కావలసి ఉంటుంది. వాహనానికి ముందూ వెనుకా తెల్లని పలకపై ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. కారు నేర్చుకునేవారి పక్కన లైసెన్సు గల శిక్షకుడు కూర్చోవాలి. ఈ చివరి నిబంధన పాటించినంతగా కనబడదు.

పాయింట్ల పట్టికలో హెల్మెట్ లేదా సీటు బెల్టు ధరించకపోవడానికి ఒకటి, ఎదురు దిశలో నడపడానికి రెండు, ప్రమాదకరంగా నడపడానికి రెండు, పందేలకు మూడు పాయింట్లు కేటాయించారు. మద్యం సేవించి ద్విచక్ర వాహనం నడిపితే మూడు, కారు నడిపితే నాలుగు, బస్సు, క్యాబ్, ఆటో వంటి ప్రయాణికుల వాహనం నడిపితే అయిదు పాయింట్లు. ఆ లెక్కన కొత్తగా బైకు నేర్చుకుంటున్న యువకుడు ఒకసారి మద్యం మత్తులో, మరొకసారి ఎదురు దిశలో పట్టుబడితే లైసెన్సు రద్దు పరిధిలోకి వస్తాడు. రద్దయితే తిరిగి మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవలసిందే. ఆటో చోదకుడు రెండేళ్లలో మూడుసార్లు మద్యం సేవించి పట్టుబడితే 15 పాయింట్లు చేరి, ఏడాదిపాటు జీవనాధారం కోల్పోతాడు.

జరిమానా చెల్లించినంత మాత్రాన పాయింట్లు తొలగవు. చలానా వాహన యజమాని పేరిట వచ్చినా, పాయింట్లు నడిపిన వ్యక్తి లైసెన్సుపైనే నమోదు కావాలన్నది విధానం ఉద్దేశం. సస్పెన్షన్ ముగిసిన తరువాత మళ్లీ 12 పాయింట్లు చేరితే రెండేళ్లు, ఆ పైన మూడేళ్లు సస్పెన్షన్ ఉంటుంది. నిర్దేశిత శిక్షణకు హాజరైనవారికి మూడు పాయింట్లు తగ్గించే వెసులుబాటు కల్పించారు. దీనిని రెండేళ్లలో రెండుసార్లకు మించి వినియోగించుకోవడానికి వీలులేదు.

అసలు లైసెన్సు వయస్సే రాని మైనరు నేరానికి పాల్పడితే పాయింట్ల ప్రసక్తి ఉండదు. 2019 కేంద్ర సవరణ చట్టం ప్రకారం సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. వాహన రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 ఏళ్లు నిండేవరకు లెర్నర్ లైసెన్సు లభించదు.